మార్క్ దాచిన టేపు

"మధ్యకు కోస్తాం మేడమ్. లోపల ఏముందో పిల్లలకు కనిపించాలి కదా" అన్నాడు చైతన్యకృష్ణ.

అతను గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. కాలేజీలో పాత కంప్యూటర్లకు ఒక గది కేటాయించారట. మా ఇంట్లో టేప్ డ్రైవు ఉందని ఎవరో చెబితే అద్దంకి దాకా కారులో వచ్చాడు. దాన్ని నిలువునా కోసి, ఒక సగానికి అద్దం బిగించి, లోపల దీపాలు పెడతారు. రెండో సగం పాత ఇనుముకు వేస్తారు. బాగు చేయిస్తే పనిచేస్తుందా అని అడిగాను. పనిచేసినా దానికి చదవడానికి టేపులెక్కడివి మేడమ్ అని నవ్వాడు. కోసుకోమన్నాను.

మా ఆయన మార్క్ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన వస్తువులు ఒక్కొక్కటీ ఖాళీ చేస్తున్నాను. చొక్కాలు ఇచ్చేశాను. కళ్ళజోడు ఉంచుకున్నాను. ఈ డ్రైవు మాత్రం ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. బీరువా అంత ఉంటుంది. పైన గాజు తలుపు, దాని వెనక రెండు చక్రాలు. ఒక చక్రం మీద నుంచి రెండో దాని మీదికి టేపు తిరుగుతుంటే, మధ్యలో బొటనవేలంత హెడ్ దాని మీద ఉన్నది చదువుతుంది. ఇప్పుడు వేలిగోరంత చిప్పులో పట్టేదానికి ఆ రోజుల్లో అంత సామాను.

మార్క్ దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటరు గదిలో పనిచేసేవాడు. తొంభై తొమ్మిదిలో ఆ గది మూసేసి సామానంతా తుక్కుకు వేస్తుంటే, ఈ ఒక్కటి అడిగి తీసుకుని, నాకు బదిలీ అయిన అద్దంకికి లారీలో తెచ్చాడు. ఎప్పటికైనా బాగు చేస్తానన్నాడు. ఇరవై అయిదేళ్ళు అదే మాట. ఏటా మిరపకాయల కాలంలో, ఘాటు దుమ్ము లోపలికి పోకుండా నా పాత చీర ఒకటి దానికి చుట్టేవాడు. మడత పెట్టిన బట్టలు పైన పెట్టుకోవడానికి తప్ప నాకు అది దేనికీ ఉపయోగపడలేదు.

చైతన్యకృష్ణ వెనక వైరింగు చూద్దామని కింది తలుపు స్క్రూలు విప్పాడు. అక్కడ ప్లాస్టిక్ డబ్బాలో ఒక టేపు చక్రం ఉంది. దాని కింద ఒక నోటు పుస్తకం. రెండూ తీసి నా చేతికిచ్చి, ఇవి కూడా ఇచ్చేస్తే గాజు పెట్టెలో పెడతామన్నాడు. అక్షరాలు మార్క్‌వి కాబట్టి పుస్తకం తెరిచాను. ఏ రోజు ఏ పని నడిచిందో రాసుకున్న పుస్తకం. మధ్యలో ఒక పేజీ విడిగా ఉంది.

'మెడికల్ టేపు, 86 నుంచి 91. ఎక్స్-0 బాగుంది. ఎక్స్-1 గమనించాలి. ఎక్స్-2 ఊపిరితిత్తుల్లో దుమ్ము. ఎక్స్-3 దుమ్ము, ముదిరింది. ప్రింటు తీయకూడదు. కార్మికులకు చూపకూడదు. డాక్టరు గారు చెప్పారు.'

నిలబడే రెండుసార్లు చదివాను. తర్వాత చైతన్యకృష్ణతో ఈ రోజు కుదరదని చెప్పాను. అతను కోత మిషను మనిషిని కూడా మాట్లాడుకున్నానని, ఎల్లుండి వస్తానని అన్నాడు. నేను ఫోను చేసేదాకా రావద్దన్నాను.

మా నాన్న వెంకయ్య అదే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ప్యాకింగులో. సంచుల్లోకి సిమెంటు దిగేచోట. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టూ కనుబొమ్మలూ బూడిద రంగులో ఉండేవి. అమ్మ చీపురుతో ఆయన వీపు దులిపేది. ఏడాదికోసారి ఫ్యాక్టరీ డాక్టరు అందరికీ ఛాతీ ఎక్స్-రే ఫోటో తీసేవాడు. ఎలా ఉందని అడిగితే బాగుందనేవాడు. ఎనభై ఎనిమిది నాటికి నాన్న మెట్లు ఎక్కలేకపోయాడు. చుట్టలు తగ్గించు వెంకయ్యా అన్నాడు డాక్టరు. అదే మాట మా పాస్టరు గారికీ చెప్పాడు.

నాన్న రోజుకు రెండు చుట్టలు కాల్చేవాడు. అది నిజం. ఎనభై తొమ్మిది ఫిబ్రవరిలో, మొదటి ఆదివారం ఆరాధనలో మా అమ్మ ప్రేమమ్మ లేచి నిలబడింది. నా భర్త చుట్ట మానడం లేదు, సంఘమైనా చెప్పండి అంది. భయంతోనే అంది. మానేదాకా ప్రభువు బల్లకు, అంటే నెలకోసారి పంచే రొట్టెకూ ద్రాక్షరసానికీ, దూరంగా ఉండాలని పెద్దలు నిర్ణయించారు. నాన్న మర్నాడే చుట్ట మానేశాడు. దగ్గు మానలేదు. దగ్గుతున్నాడంటే దొంగతనంగా కాలుస్తున్నట్టే అని పెద్దలు అనుకున్నారు. అమ్మ కూడా అనుకుంది. ఆయన విప్పిన చొక్కా జేబులు వాసన చూసేది. నేనూ ఒకసారి చూశాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు, కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది.

రెండున్నరేళ్ళు నెలనెలా రొట్టె పళ్ళెం ఆయన్ని దాటి పోయింది. చివరి వరుసలో కూర్చుని, పళ్ళెం దగ్గరికొస్తుంటే పక్కవాళ్ళకు దారిగా మోకాళ్ళు పక్కకు జరుపుకునేవాడు. తొంభై ఒకటిలో పోయాడు. బల్ల తీసుకోకుండానే పోయాడు.

ఫ్యాక్టరీ తరఫున పూలదండ తెచ్చిన ఇద్దరిలో ఒకడు మార్క్. ఆయన్ని నేను మొదట చూసింది ఆ రోజే. సమాధి నుంచి వచ్చాక మా ఇంట్లో కూర్చుని టీ తాగాడు. అమ్మ ఏడుస్తూ, ఎంత చెప్పినా చుట్ట మానలేదు బాబూ అంది. మార్క్ తల ఊపాడు. గ్లాసులోకి చూస్తూ ఊపాడు. మెత్తని మనిషి అనుకున్నాను. రెండేళ్ళకు పెళ్ళి చేసుకున్నాను.

ఆ వారమంతా బడిలో ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఇంట్లో గిన్నెలు కడుగుతుంటే రెండు గాజు గ్లాసులు పగిలాయి.

పుస్తకంలో ఉన్నవి కోడ్‌లే. పేర్లు లేవు. నాన్న పేరుకెదురుగా ఏం రాశారో, ఎప్పుడు రాశారో టేపులోనే ఉంది. పుస్తకం చివర ఒక ఫోను నంబరు ఉంది. చేస్తే మాబు అనే పెద్దాయన ఎత్తారు. ఒకప్పుడు ఫ్యాక్టరీలు తిరిగి ఇలాంటి మెషిన్లు బాగు చేసేవారు. ఇప్పుడు చీరాలలో ఇన్వర్టర్లు బాగు చేస్తున్నారు. మార్క్ పోయాడని చెప్పాను. ఆదివారం బస్సెక్కి వచ్చారు. పుస్తకంలో ఆ పేజీ ఆయనకు చదివి వినిపించాను.

గాజు తలుపు తీసి, టార్చి వేసి, గంటసేపు చూశారు. రబ్బరు రోలర్లు కరిగి తారులా అయ్యాయి. గాలి లాగే మోటారు బెల్టు తెగింది. కరెంటు పెట్టెలో నాలుగు కెపాసిటర్లు ఉబ్బాయి. చీరాలలో రోలర్లకు రబ్బరు పోసే లేత్ షాపు ఉంది, మిగిలినవి దొరుకుతాయి, పదిహేను రోజుల పని అన్నారు. హెడ్ దగ్గర టార్చి ఆపి చాలాసేపు చూశారు.

"దీన్ని ఎవరో ఏటేటా స్పిరిట్టుతో తుడిచారు టీచరమ్మా. కొత్తదానిలా ఉంది."

మా ఆయనే అయి ఉంటాడన్నాను. మరి రోలర్లు ఎందుకు బాగు చేయలేదని అడిగాను. మాబు గారు టార్చి ఆర్పేశారు. రోలరు మార్చడం మార్క్‌కు చేతకాని పనేమీ కాదన్నారు. ఈ టేపు పారేయకుండా దాచాడంటే చెప్పాలనే ఉండి ఉంటుందమ్మా, ధైర్యం చాలలేదేమో అన్నారు.

ఆయన మంచికే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే కంచంలో తిన్నాం. ఆ మనిషికి నోరుంది. దానికి రోలర్లు అక్కర్లేదు.

టేపు సంగతి వేరే. దాని పొరలు ఒకదానికొకటి బంకగా అతుక్కున్నాయి. అలాగే తిప్పితే పైపూత ఊడిపోతుంది. యాభై డిగ్రీల పొడి వేడిలో, ఎక్కువా తక్కువా కాకుండా ఒక పగలంతా ఉంచాలి. అప్పుడైనా ఒక్కసారే చదవగలం, రెండోసారికి ఏమీ మిగలకపోవచ్చు అన్నారు. ఇంట్లో ఓవెన్లను నమ్మలేమన్నారు. బాగు చేయించాలో వద్దో ఆలోచించుకుని చెప్పమని వెళ్ళారు.

ఆలోచించాల్సింది అమ్మ గురించే. ఆమెకు డెబ్బై తొమ్మిది. నా దగ్గరే ఉంటోంది. నాన్న తన మాట వినక పోయాడన్న కోపంతో ముప్పై మూడేళ్ళు బతికింది. టేపులో ఎక్స్-3 అని ఉంటే, ఆ కోపం తీసేసి దాని చోట ఏం పెట్టాలి? ఫోను తీసి చైతన్యకృష్ణ నంబరు రెండుసార్లు నొక్కబోయాను. నిలువునా కోసేస్తే హెడ్ కూడా రెండు ముక్కలవుతుంది. ఇంక ఎవరూ ఏదీ చదవలేరు. అమ్మ అమ్మలాగే ఉంటుంది. మార్క్ కూడా మెత్తని మనిషిగానే మిగిలిపోతాడు. ఆ రెండోది తట్టేసరికి ఫోను పక్కన పడేశాను.

అమ్మ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. నేను దాటిపోతుంటే చెంగు పట్టుకుని ఆపింది. మాబు గారు వచ్చినప్పుడు కిటికీ అవతలే కూర్చుందట. అంతా వింది. కోయించేస్తావా అని అడిగింది. నీకోసమే ఆలోచిస్తున్నానన్నాను.

"నాకోసం మీ ఆయన ఆలోచించింది చాల్లేవే" అంది. చేతిలో కాయ తొడిమె తీసి పక్కన వేసింది. "నేను తప్పు చేశానో లేదో తెలియకుండా చంపొద్దు నన్ను. చదివించు."

మర్నాడే మాబు గారికి బాగు చేయమని చెప్పాను.

యాభై డిగ్రీల వేడి ఎక్కడ దొరుకుతుందో నాకు బడిలో తట్టింది. మద్దిపాడు వైపు నుంచి వచ్చే పిల్లల బట్టలకు ఆ నెలల్లో పొగాకు బ్యారన్ వాసన ఉంటుంది. రాజ్యం గారి అమ్మాయి తేజశ్రీ నా దగ్గర చదివింది. రాజ్యం గారికి సొంత బ్యారన్ ఉంది. పచ్చి ఆకును వేడికి ఆరబెట్టడానికి ఇటుకలతో కట్టిన ఎత్తు గది, నేల మీద ఇనుప గొట్టాలు, వాటిలోంచి వేడి. యాభై డిగ్రీలు కావాలన్నాను. ఆమె ఫారన్‌హీట్‌లో లెక్కేసుకుని నూట ఇరవై రెండు, ఆకు రంగు నిలిపే వేడి అంది. మొన్ననే ఆకు దించాం, కర్రలు ఖాళీగానే ఉన్నాయి, తెచ్చుకో అంది. ఇన్నేళ్ళు ఆకు కాల్చాం, చక్రం కాల్చడం ఇదే మొదలు అని నవ్వింది.

శనివారం ఉదయం ఆరింటికి టేపును గుడ్డలో చుట్టి కర్రకు వేలాడదీశాం. రాజ్యం గారు వేరే పని పెట్టుకోకుండా సాయంత్రం దాకా కిటికీ అద్దంలోంచి థర్మామీటరు చూస్తూనే ఉంది. ఒక డిగ్రీ పెరిగితే గాలి తూము తెరిచేది, తగ్గితే మూసేది. ఏముంది దీంట్లో అని ఒకసారి అడిగింది. మా నాన్న అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఇంటికి తెచ్చాక అమ్మ డబ్బా తీసుకుని మూత తెరిచింది. చక్రాన్ని రెండు చేతులతో ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. బ్యారన్‌లో పగలంతా ఉంది కదా, పొగాకు వాసన పట్టేసింది. అమ్మ దాన్ని మెల్లగా డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం మాబు గారు, అప్పటికే రోలర్లూ బెల్టూ మార్చిన డ్రైవుకు తన పాత కంప్యూటరును కలిపారు. టేపు ఎక్కించి, ఇంక మాట్లాడొద్దన్నారు. మోటారు ధాన్యం తూర్పారబట్టే ఫ్యాన్‌లా మోగింది. ఇరవై అయిదేళ్ళలో దాని గొంతు వినడం అదే మొదలు. చక్రాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. రెండుచోట్ల తెర మీద ఎర్ర గీత వచ్చింది. అక్కడ చదవలేకపోయిందట. ఆరేడు నిమిషాల్లో అయిపోయింది. హెడ్ చుట్టూ తుప్పులాంటి పొడి పేరుకుంది. టేపు చివర చాలాచోట్ల పైపూత రాలి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

"వచ్చింది. టోకెన్ నంబరు చెప్పండి" అన్నారు మాబు గారు.

అమ్మ బైబిలు అట్టలోంచి నాన్న ఫ్యాక్టరీ టోకెను, ఇత్తడి బిళ్ళ, తీసి ఆయన చేతిలో పెట్టింది. 1187.

మూడు వరుసలు వచ్చాయి. కాగితం మీద రాసుకున్నాను. వెంకయ్య, ప్యాకింగు. ఎనభై ఆరు జూన్, ఎక్స్-1. ఎనభై ఏడు ఆగస్టు, ఎక్స్-2. ఎనభై ఎనిమిది సెప్టెంబరు, ఎక్స్-3. ప్రతి వరుస చివరా ఆ వివరాలు ఎక్కించినవాళ్ళ పొడి అక్షరాలున్నాయి. మూడింటికీ ఎం.కె. ఆ తర్వాత నాన్న పేరు లేదు. ఎక్స్-3 వచ్చిన మనిషిని మళ్ళీ ఫోటో తీయడం దండగ అనుకున్నారో ఏమో.

అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను తెలుగులో చెప్పాను. సెప్టెంబరు అనగానే వేళ్ళు లెక్కపెట్టింది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. అయిదో వేలి దగ్గర ఆగిపోయింది.

"ఇది ఎక్కించింది ఎవరే?" అంది.

ఫ్యాక్టరీ వాళ్ళు అనొచ్చు. డాక్టరు అనొచ్చు. రెండూ అబద్ధాలు కావు. పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం, ఎవరు చేశారో వాక్యంలో పెట్టమని.

"మీ అల్లుడు" అన్నాను.

అమ్మ ఏడవలేదు. ఆ సాయంత్రం దాకా చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. లేచాక, మొదటి ఆదివారం ఎప్పుడని అడిగింది. నేను లేచి నిలబడి ఆయన్ని బల్లకు దూరం చేశాను, లేచి నిలబడే ఈ మాటా చెబుతాను, కాగితం నువ్వు చదువు అంది. అల్లుడి పేరుతో సహా ఉన్న పేర్లన్నీ చదవాలంది.

నరసరావుపేట మీదుగా రెండు బస్సులు మారి, దాచేపల్లి వైపు మా పాత ఊరికి ముందురోజే చేరాం. పాస్టరు గారు కుర్రవాడు, మంచివాడు. ఆరాధనకు ముందు కాగితం చూపించమన్నాడు. ఎంతమంది ఇళ్ళల్లో ఇదే కథో అని కళ్ళు తుడుచుకున్నాడు. వరుస చివర ఎం.కె. దగ్గర వేలు పెట్టి, ఈ అక్షరాలు చదవాలా టీచర్ గారూ, మార్క్ గారు మన సంఘపు అల్లుడు, పైగా పోయిన మనిషి అన్నాడు.

"మా నాన్న కూడా పోయిన మనిషే" అన్నాను.

బల్ల ఇచ్చేముందు అమ్మ లేచింది. ముప్పై అయిదేళ్ళ కిందట ఎక్కడ నిలబడిందో అక్కడికే నడిచింది. వెంకయ్య చుట్ట మానేశాడు, మానలేదని నేను చెప్పింది తప్పు, మీరు నమ్మింది తప్పు అంది. అంతే. నా వైపు చూసింది. నేను చదివాను. టోకెను, పేరు, సంవత్సరం, కోడ్, కోడ్ అర్థం. ఎక్కించినది, నా భర్త మార్క్. గొంతు వణకలేదు. వణికితే జాలి పడతారు. జాలి ఆయనకు కూడా అందుతుంది. ఆ రోజు ఆయనకు అందడం నాకు ఇష్టం లేదు.

నాటి పెద్దల్లో ఒకరే బతికి ఉన్నారు. చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని నేల చూస్తూ కూర్చున్నారు. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కకు పంపారు. అమ్మ తీసుకుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. పళ్ళెం దాటేటప్పుడు నా మోకాళ్ళు పక్కకు జరిగాయి. నేను తీసుకోలేదు. మార్క్ మీద అంత కోపం పెట్టుకుని తీసుకోకూడదు.

బయట చెప్పుల దగ్గర సుబ్బరావమ్మ పట్టుకుంది. ఆమె భర్త అదే ఫ్యాక్టరీలో రాళ్ళు నలగ్గొట్టే క్రషర్‌లో చేసేవాడు. చీర చెంగు ముడిలోంచి ఇత్తడి బిళ్ళ తీసి చూపించింది. ఆయన ఎప్పుడు పోయాడని అడిగాను. తొంభై ఆరు అంది. చేరింది తొంభై రెండులో. ఈ టేపు తొంభై ఒకటితో అయిపోతుందని చెప్పాను. మరి ఆ తర్వాతది ఎక్కడుందే అని అడిగింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. తెలియదన్నాను. మార్క్ పుస్తకంలో రెండో టేపు ప్రస్తావన ఉంది, దాన్ని చూసుకున్న ఇంకో ఆపరేటరు పొడి అక్షరాలున్నాయి. ఆయన మాచర్లలో ఉంటాడని గుంపులో ఎవరో అన్నారు.

సోమవారం బడి నుంచి వచ్చేసరికి చైతన్యకృష్ణ ఫోను. కోత మిషను మనిషి ఖాళీగా ఉన్నాడట. కోయడం కుదరదని, మెషిను పనిచేస్తోందని, దానికి ఇంకా పనుందని చెప్పాను. అయితే పనిచేస్తున్నప్పుడు ఒకసారి పిల్లల్ని తీసుకొచ్చి చూపించవచ్చా అన్నాడు. తీసుకురమ్మన్నాను.

తర్వాత గాజు తలుపు తెరిచి, మాబు గారు నేర్పినట్టు దూది స్పిరిట్టులో ముంచి హెడ్ తుడిచాను. దూదికి తుప్పు రంగు అంటింది. కొత్త దూది తీసుకున్నాను. దానికీ అంటింది.